మీరడిగారు: ఊరి కర్బన లెక్క పంప్‌హౌస్ దగ్గర మొదలుపెట్టండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం మీద ఉన్నాయి, ఐదూ గోదావరికి ఇటు పక్కనో అటు పక్కనో ఉన్న ఊళ్లవే. అందుకని ఇన్వర్టర్ బ్యాటరీల మీదా ఫ్రిజ్ స్టెబిలైజర్ల మీదా అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి, ఏమీ అనుకోకండి. ముప్పై ఏళ్ల పైచిలుకు కరెంటు పని చేసి రిటైరైన మనిషిని కాబట్టి నా జవాబులు కాస్త మోటార్ల వైపే మొగ్గుతాయి, అది కూడా ముందే చెప్పేస్తున్నాను.

ప్రశ్న: మాది అమలాపురానికి దగ్గర్లో ఓ మేజర్ పంచాయతీ అండి. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. నాతో పాటు మెడికల్ షాపాయన, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు, ఒక డ్వాక్రా లీడరు, మొత్తం ఐదుగురం జీతం భత్యం లేకుండా సాయంత్రాలు పంచాయతీ ఆఫీసులో కూర్చుంటున్నాం. ఊరి కర్బన ఉద్గారాలు తగ్గించాలని గ్రామసభలో తీర్మానం అయితే చేయించాం గానీ ఆ తర్వాత ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. సిటీ నుంచి వచ్చిన ఒక కన్సల్టెంటు ప్లాను రాసివ్వడానికి నాలుగు లక్షలు అడిగాడు. అంత డబ్బు లేదు, ఉంటే డ్రెయిన్ల పూడికకే చాలదు. మేమే చేసుకోగలమా?

జవాబు: మాస్టారూ, చేసుకోగలరు. ఆ కన్సల్టెంటు వచ్చినా చేసేదేమిటంటే మీ దగ్గర కరెంటు బిల్లులు అడిగి తీసుకుని, వాటిని రంగురంగుల బొమ్మలు చేసి మీకే తిరిగివ్వడం. ఆ బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఎలాగూ మీ కుర్రాళ్లదే.

ముందు ఒక గీత గీసుకోండి. పంచాయతీ తన డబ్బుతో కాల్చే కరెంటు, డీజిలు ఒక పక్క. ఊళ్లోవాళ్ల బైకులు, ఏసీలు, చేలు, చేపల చెరువులు ఇంకో పక్క. రెండూ కలిపేస్తే అంకె కొండంత కనిపించి మూడో మీటింగుకే ఇద్దరు రావడం మానేస్తారు. మొదటి ఏడాది పంచాయతీది మాత్రమే చూడండి, మీ చేతిలో స్విచ్ ఉన్నది దానికొక్కదానికే.

దానికి కావలసింది సర్వీస్ నంబర్ల జాబితా. కార్యదర్శి గారి చేత ఒక లెటర్ రాయించుకుని మీ ఏరియా కరెంటు ఆఫీసుకు వెళ్లి, పంచాయతీ పేరు మీదున్న ప్రతి సర్వీసుకూ గడిచిన 12 నెలల యూనిట్లు అడగండి. రూపాయలు కాదు, యూనిట్లు. రూపాయల్లో పాత బకాయిలు, సర్‌ఛార్జీలు, సర్దుబాట్లు అన్నీ కలగాపులగంగా ఉంటాయి, అందులో దిగితే మళ్లీ గట్టెక్కలేరు. జాబితా చదివేటప్పుడు ఒక తమాషా చూస్తారు: ఉప్పునీళ్లు పడ్డాయని ఎప్పుడో వదిలేసిన బోరుకీ, కూలగొట్టేసిన కమ్యూనిటీ హాలుకీ కూడా మీటర్లు బతికే ఉంటాయి, నెలనెలా కనీస ఛార్జీ పడుతూనే ఉంటుంది. అవి రద్దు చేయిస్తే కర్బనం పెద్దగా తగ్గదు గానీ సర్పంచ్ గారు మీ మాట వినడం మొదలుపెడతారు. ఆ వినడం మీకు తర్వాత చాలా అవసరం.

ఇక గుణకారం. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క, ఏటా కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, మీరు 0.7 వేసుకోండి చాలు. లీటరు డీజిలు కాలిస్తే 2.68 కిలోలు, లీటరు పెట్రోలుకు 2.3. మీరు బళ్లో బొగ్గుపులుసు వాయువు అని చెప్పినదే ఇది, పేరు మారింది అంతే. చెత్త ట్రాక్టరు రోజుకు ఆరు లీటర్లు తాగి ఏడాదిలో 300 రోజులు తిరిగితే 1,800 లీటర్లు, అంటే 4.8 టన్నులు. ఇలా మొత్తం లెక్క రెండు పేజీల్లో తేలిపోతుంది.

ఇప్పుడు అసలు చోటికి, పంప్‌హౌస్‌కి పదండి. మన డెల్టా ఊళ్ల సంగతి మీకు తెలియంది కాదు: వేసవిలో కాలవ కట్టేసేలోగా మంచినీళ్ల చెరువు నింపుకోవాలి, చెరువు నుంచి ఫిల్టర్ బెడ్‌కి ఒక మోటారు, ఫిల్టర్ నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఇంకో మోటారు. నేను చూసిన చిన్న ఊళ్లలో పంచాయతీ కరెంటులో పెద్ద వాటా ఈ మోటార్లదే. వీధి దీపాలు కళ్లకు కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడతారు, మోటారు ఊరి చివర తలుపేసిన గదిలో తిరుగుతుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఈ పరీక్ష మీరే చెయ్యండి. వెయ్యి లీటర్ల నీళ్లను ఒక మీటరు పైకి ఎత్తడానికి 0.0027 యూనిట్లు కావాలి, ఇది భూమ్యాకర్షణ లెక్క, ఎంత మంచి మోటారైనా ఇంతకంటే తగ్గించలేదు. మీ ట్యాంకు 60,000 లీటర్లది, గొట్టాల రాపిడి కూడా కలుపుకుని 25 మీటర్ల ఎత్తు అనుకుందాం. 60 × 25 × 0.0027 అంటే నాలుగు యూనిట్లు. మోటారూ పంపూ కలిసి నూటికి 55 పాళ్ల సామర్థ్యంతో పనిచేస్తే ఏడున్నర యూనిట్లలో ట్యాంకు నిండాలి. ఒకరోజు తెల్లవారుజామున ట్యాంకు ఖాళీ అయినప్పుడు, ఊళ్లోకి వెళ్లే వాల్వులన్నీ కట్టేయించి, మీటరు రీడింగ్ రాసుకుని మోటారు వేయించండి. ట్యాంకు పొర్లగానే ఆపించి మళ్లీ రీడింగ్ చూడండి. 13 వచ్చిందనుకోండి, అందులో నాలుగే నీళ్లు ఎత్తడానికి పోయాయి, మిగతావి వేడిగానూ చప్పుడుగానూ పోయాయి. రోజుకు నాలుగు ట్యాంకులు నింపే ఊరైతే ఏడున్నరకూ పదమూడుకూ ఉన్న తేడా ఏడాదికి 8,000 యూనిట్లు. అంటే ఐదున్నర టన్నులు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా 56,000 రూపాయలు.

ఇలాంటి పంప్‌హౌస్ ఒకటి నాకు బాగా గుర్తు. మోటారు అప్పటికి నాలుగుసార్లు రీవైండింగ్ అయింది, బాడీ మీద చెయ్యి వేస్తే రెండు లెక్కపెట్టేలోగా తీసెయ్యాల్సిందే. గ్లాండ్ (పంపు ఇరుసు చుట్టూ నీళ్లు కారకుండా బిగించే చోటు) దగ్గర కారే నీళ్ల కింద ఆపరేటరు ఒక పాత పెయింటు డబ్బా పెట్టాడు, డబ్బా నిండినప్పుడల్లా తీసుకెళ్లి గుమ్మం పక్కన తులసి మొక్కకు పోస్తాడు. తులసి మాత్రం ఏపుగా ఉంది. ఇంపెల్లర్, అంటే పంపు లోపల నీళ్లను తోసే చక్రం, విప్పితే కాలవ ఇసుకకి అరిగి అరిగి దాని అంచులు అప్పడంలా పల్చబడ్డాయి. ఆ మనిషికి ఇవన్నీ తెలుసు. "మీరు అడిగారు కాబట్టి చెప్తున్నానండి, ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు" అన్నాడు. మాస్టారూ, మీ ఐదుగురిలోకి ఆరోవాడిగా ఆపరేటర్‌ను తెచ్చుకోండి, మెడికల్ షాపాయన ఒకరోజు రాకపోయినా ఫర్వాలేదు గానీ ఇతను రావాలి.

వీధి దీపాల్లో ఎల్‌ఈడీలు పెట్టడం చాలా ఊళ్లలో అయిపోయింది, కేంద్రం దీనికోసం 2015 జనవరిలోనే పథకం మొదలుపెట్టింది. ఇప్పుడు మిగిలిన జబ్బు వేరు. మధ్యాహ్నం పన్నెండింటికి మీ ఊరంతా ఒకసారి సైకిలు మీద తిరిగి ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. లైట్లకు విడిగా మూడో తీగ లేని వీధుల్లో స్విచ్ అనేదే ఉండదు, రాత్రింబగళ్లు వెలగాల్సిందే. 20 వాట్ల లైట్లు 500 ఉన్న ఊళ్లో అవన్నీ పగలు 12 గంటలు వెలిగితే రోజుకు 120 యూనిట్లు దండగ. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కింద ఇంకో జవాబులో మళ్లీ వస్తుంది. మూడో తీగ లాగించి టైమర్ పెట్టించడం ఫొటోల్లో పడే పని కాదు, అందుకే వెనకబడిపోతుంది.

చెత్త సంగతి చివరికి వదిలేశాను, ఎందుకంటే దాని లెక్క కష్టం. కాలవ గట్టు మీద పోసిన తడి చెత్త కుళ్లితే మీథేన్ వస్తుంది, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడెక్కిస్తుంది. ఎంత వస్తోందో కచ్చితంగా కొలవడం మీ వల్లా కాదు నా వల్లా కాదు. ఒక వారం పాటు చెత్త ట్రాక్టర్‌ను దగ్గర్లోని రైస్ మిల్లు వేబ్రిడ్జి ఎక్కించి బరువు రాసుకోండి, అందులో తడి చెత్త ఎంత, కొబ్బరి డొక్కలూ తాగి పారేసిన బొండాలూ ఎన్ని, అరటి బోదెలు ఎన్ని అని కంటితో అంచనా వెయ్యండి చాలు. మీ ఊళ్లో చెత్త నుంచి సంపద కేంద్రం షెడ్డు ఉండే ఉంటుంది, అందులో ఇప్పుడు ఎవరి బైకులు పెట్టుకుంటున్నారో చూసి ముందు అవి తీయించండి.

ప్లాను కాగితం మాత్రం పెద్దది చెయ్యకండి. ఏ పని, ఎవరు, ఏ నెలకి, ఎన్ని యూనిట్లు తగ్గాలి, ఈ నాలుగూ ఉంటే చాలు, ఒక్క పేజీలో పట్టాలి. 2070కల్లా నెట్ జీరో, అంటే వదిలే కర్బనమంతా తిరిగి పీల్చుకునేలా చేస్తామని దేశం 2021లో గ్లాస్గోలో మాటిచ్చింది, నిజమే, అది ఆ పేజీ మీద రాయకండి. వచ్చే ఉగాదికి ట్యాంకు ఎనిమిది యూనిట్లలో నిండాలి అని రాయండి.

ప్రశ్న: నేను పాలకొల్లు వైపు ఒక పంచాయతీలో వార్డు మెంబర్ని సార్. సోలార్ కంపెనీ మనిషి ఒకతను వచ్చి పంచాయతీ ఆఫీసు మీద, హైస్కూలు మీద కలిపి 30 కిలోవాట్ల ప్యానెళ్లు పెడితే ఊరి బిల్లు సున్నా అయిపోతుందంటున్నాడు. తుపాను వచ్చి కరెంటు పోయినా నీళ్లు ఆగవంటున్నాడు. సర్పంచ్ గారు సంతకం పెట్టేసేలా ఉన్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, రెండో మాట అస్సలు నమ్మకండి. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ అనేది లైన్లో కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. లైను పోయిన క్షణాన ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా, లేకపోతే తుపాను తర్వాత స్తంభమెక్కి తీగలు కట్టే లైన్‌మన్‌కు మీ ప్యానెళ్ల కరెంటు కొడుతుంది. ఎండ దంచేస్తున్నా నెత్తిన ప్యానెళ్లున్నా ఇంట్లో ఫ్యాను తిరగకపోవడం చూసి జనం తిట్టుకునేది ఇందుకే. బ్యాటరీలతో హైబ్రిడ్ పెట్టుకోవచ్చు, పంచాయతీ ఆఫీసులో నాలుగు లైట్లకూ, ఊరివాళ్ల ఫోన్ ఛార్జింగులకూ అది మంచిదే. పెద్ద మోటారు నడిపే బ్యాటరీ మాత్రం మీ పంచాయతీకి తలకు మించిన ఖర్చు. తుపాను రోజులకు డీజిల్ జనరేటరు ఉంచుకోండి. ఏడాదికి 50 లీటర్లు కాల్చినా 134 కిలోలే, దాని కోసం ఊరిని దాహంతో పెట్టక్కర్లేదు. ఇలాంటి చోట పట్టుదలకు పోయే కుర్రాళ్లు మీ ఊళ్లో కూడా ఉంటారు, వాళ్లకి ఈ అంకె చూపించండి.

మొదటి మాట విషయానికొస్తే, ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి, వానాకాలం ముసురులో ఇంకా తక్కువ. 30 కిలోవాట్లకు 120 యూనిట్లు. పైన మాస్టారికి చెప్పిన అంకె చూశారా? పగటిపూట వెలిగే 500 దీపాలు తినేది సరిగ్గా అంతే. లక్షలు పోసి ప్యానెళ్లు పెట్టి, వాటి పంటంతా పట్టపగలు వీధి దీపాలకు తినిపించడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు. ముందు మోటారు, తర్వాత టైమర్లు, ఆ తర్వాతే ప్యానెళ్లు. అప్పుడు 30 అక్కర్లేదు, బహుశా 15 సరిపోతుంది. అమ్మేవాడు ఇది చెప్పడు, వాడి తప్పు కూడా కాదు.

ఇంకో సంగతి. మామూలు నెట్ మీటరింగ్‌లో (ప్యానెళ్లు ఇచ్చిన యూనిట్లను వాడిన యూనిట్లలోంచి తీసేసే పద్ధతి) ప్యానెళ్లను ఏ సర్వీసుకు కలిపితే ఆ సర్వీసు బిల్లే తగ్గుతుంది. పంచాయతీ ఆఫీసులో ఉండేది నాలుగు ఫ్యాన్లు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. అందరూ చూస్తారని దాని మీద పెట్టమంటారు గానీ కరెంటు తినేది పంప్‌హౌస్. ఫిల్టర్ బెడ్ల పక్కన చోటుంటే అక్కడే పెట్టించి ఆ మీటరుకు కలపండి, పైగా మోటారు పగలే ఎక్కువసేపు నడిపేలా వేళలు మార్చుకోవచ్చు. హైస్కూలు కప్పు పంచాయతీది కాదు, జిల్లా పరిషత్తు బడి అయితే వాళ్ల అనుమతి లేకుండా మేకు కూడా కొట్టకూడదు. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి, అది నీడ పడని చోటు కావాలి. మన దగ్గర అదే కదా ఇబ్బంది, కొబ్బరి చెట్టు లేని కప్పు ఎక్కడుంది! ఒక్క మట్ట నీడ ఒక్క ప్యానెల్ మీద పడితే దాంతో వరసగా కలిపినవన్నీ మందగిస్తాయి. ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి మీరే కప్పెక్కి నీడలు ఫోటో తీయండి. దగ్గర్లో రైస్ మిల్లు ఉంటే ఊక బూడిద పడుతుంది, వారానికోసారి తుడిచే మనిషి ఎవరో పేరు రాసుకున్నాకే ఆర్డరు ఇవ్వండి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకు గాలి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కోస్తాకు కట్టడాల ప్రమాణాల్లో వేసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. స్టాండు ఆ గాలికి ఆగేలా డిజైన్ చేసినట్టు ఇంజనీరు సంతకంతో కాగితం అడగండి. ఉప్పు గాలికి మామూలు ఇనుప బోల్టులు తొందరగా తుప్పు పట్టిపోతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే వెయ్యమనండి.

సబ్సిడీ గురించి ఒక మాట, ఎందుకంటే మీ సర్పంచ్ గారికి అది కూడా చెప్పి ఉంటారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకి, ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు పైన ఎంత పెట్టుకున్నా 78,000. పంచాయతీ ఆఫీసుకు అది రాదు. ఊళ్లో ఇళ్లవాళ్ల చేత పెట్టిస్తే మాత్రం ఒక్కో ఇంటికి 1,000 రూపాయల ప్రోత్సాహకం స్థానిక సంస్థకు ఇచ్చే ఏర్పాటు ఆ పథకంలోనే ఉంది.

ప్రశ్న: మా ఊరి కుర్రాళ్లు కర్బన ప్లాను అంటూ వచ్చి నా దాళ్వా చేను మీద లెక్కలు కట్టారండి. వరి వల్లే భూమి వేడెక్కుతోందంట. పక్కన రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తెల్లార్లూ తిరుగుతుంటే వాళ్లనేమీ అనరు. ఇప్పుడు మేం వరి మానెయ్యాలా ఏంటండీ? (ఉండి దగ్గర ఒక రైతు)

జవాబు: ఆయ్, మానెయ్యక్కర్లేదండి. కానీ కుర్రాళ్లు చెప్పింది అబద్ధం కాదు. నీళ్లు నిలిచిన చేలో అడుగు మట్టికి గాలి అందదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి, అది వరి దుబ్బుల్లోంచే పైకొస్తుంది. ఎప్పుడూ నీళ్లు నిలిచిన వరికి హెక్టారుకు రోజుకు 1.3 కిలోల మీథేన్ అని ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2006లో ఒక పునాది అంకె ఇచ్చింది. 110 రోజులు చేలో ఉంటే హెక్టారుకు నాలుగు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మన నేలకీ మన నీటి పద్ధతికీ అది అటూ ఇటూ కావచ్చు, కానీ ఆ అంకెతో చూస్తే ఊరి ఆయకట్టు ముందు పంచాయతీ మోటార్ల లెక్క చీమంత.

అయినా నేను మాస్టారికి చేలు తర్వాత చూడండి అనే చెప్పాను, దానికి కారణం ఉంది. చేను తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడిపే పద్ధతి ఉంది. చేలో చిల్లుల గొట్టం ఒకటి పాతి, లోపల నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ పెట్టడం, పూత సమయంలో మాత్రం నీళ్లు ఉంచడం. రెండు మూడుసార్లు అలా ఆరబెడితే మీథేన్ దాదాపు సగం తగ్గుతుందని అదే ఐపీసీసీ లెక్క. బోరు కింద చేను ఉన్నవాడు రేపే మొదలుపెట్టగలడు, మోటారు స్విచ్ వాడిదే. డెల్టాలో పై చేలోంచి కింది చేలోకి నీళ్లు పారతాయి. మీరొక్కరూ ఆరబెడదామన్నా పైవాడు గండి కొడితే మీ చేను నిండుతుంది, మీరు కట్టేస్తే కిందివాడు గొడవకొస్తాడు. సార్వాలో అయితే వానకి డ్రెయిన్లు ఎగదన్ని ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. దాళ్వాలో వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో సగం ఆరుదల ఎలాగూ జరుగుతుంది. కాబట్టి ఇది నీటి సంఘం, కాలవ నీళ్లు చూసే లస్కరు, ఒక బోదె (చేలకు నీళ్లిచ్చే చిన్న కాలవ) కింద రైతులందరూ కూర్చుని ఒప్పుకుంటేనే జరిగే పని. చివరి ఆయకట్టులో ఒక్క బోదె కింద ఒక్క దాళ్వా చేసి చూపిస్తే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు, ఉత్త మీటింగులు పెడితే రారు.

ఏరేటర్ల సంగతి మీరన్నది న్యాయమే. ఒక ఊరి లెక్క వేస్తే చెరువుల కరెంటు, జనరేటర్ల డీజిలు అందులో రాయాల్సిందే, వరిని రాసి రొయ్యను వదిలేస్తే మీకు కోపం రావడంలో తప్పులేదు. కుర్రాళ్లకు చెప్పండి, రెండూ ఒకే కాగితం మీద రాయమని.

ప్రశ్న: మా క్లబ్బు తరఫున రెండు వేల మొక్కలు నాటాం. మా ఊరు కార్బన్ న్యూట్రల్ అయినట్టేనా?

జవాబు: కాలేదు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోలు పీల్చుకుంటుందని వాడుకలో ఉన్న అంచనా, మీవి ఇంకా మొక్కలు, అందులో మేకలు వదిలినవెన్నో వచ్చే వేసవికి లెక్కపెట్టి చెప్పండి. కేరళలో వయనాడ్ జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో ఈ కర్బన పని మొదలుపెట్టినప్పుడు ముందు ఉద్గారాల లెక్క తీశారు, ఆ తర్వాత రైతు తన పొలంలో కాపాడే చెట్టుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున వడ్డీ లేని అప్పు ఇచ్చే ఏర్పాటు చేశారు, చెట్టు కొట్టేస్తే అప్పు తిరిగి కట్టాలి. నాటిన రోజు ఫోటోకి కాకుండా చెట్టు నిలబడ్డ ఏళ్లకి డబ్బు ఇవ్వడం, నాకు నచ్చింది అదే.

ప్రశ్న: నేను పంచాయతీ కార్యదర్శిని, ఊరి పేరు వెయ్యొద్దు. మా దగ్గర కూడా కొందరు స్వచ్ఛందంగా ఈ పని పెట్టుకున్నారు. వాలంటీర్లు అంటే జనం పాత సచివాలయం వాలంటీర్లు మళ్లీ వచ్చారా అని అడుగుతున్నారు, అదో గొడవ. మంచివాళ్లే, కానీ వారానికో కొత్త ఐడియాతో వస్తారు. ఇంటి పన్నులు, సర్టిఫికెట్లు, వీడియో కాన్ఫరెన్సులు, వీటి మధ్య నాకు ఊపిరాడదు. ఈ పనికి ఏ హెడ్ కింద డబ్బు పెట్టాలి? రేపు వాళ్లు మానేస్తే ఎవరు చూస్తారు?

జవాబు: మీ బాధ నాకు తెలుసండి, ఆఫీసులో నేనూ ఆ కుర్చీకి ఇటు పక్క కూర్చున్నవాణ్నే. వాళ్లకు ఒక గడువు చెప్పండి: ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభలు మొదలవుతాయి కదా, సెప్టెంబరు నెలాఖరుకు మూడే మూడు పనులు, అంచనాలతో సహా రాసి ఇవ్వమనండి. మిగతా ఐడియాలు వచ్చే ఏటికి. ప్రణాళికలో తొమ్మిది ఇతివృత్తాలుంటాయి, అందులో ఐదోది స్వచ్ఛ హరిత గ్రామం, వీళ్ల పని దాని కింద చక్కగా కూర్చుంటుంది. విడిగా ఒక కర్బన ఫైలు తెరవకండి. విడి ఫైలు అంటే విడి రివ్యూ మీటింగు.

డబ్బు విషయంలో చిన్న కిటుకు. పని పేరులో కర్బనం అనే మాట రానివ్వకండి. 15వ ఆర్థిక సంఘం 2021–26కి ఇచ్చిన గ్రాంటుల్లో 60 శాతం మంచినీళ్లకూ పారిశుధ్యానికీ అని కట్టేసి ఇచ్చారు, 40 శాతమే పంచాయతీ ఇష్టానికి వదిలారు. అరిగిపోయిన పంపుసెట్టు మార్చడం మంచినీళ్ల పని. తడి చెత్త ఎరువు చెయ్యడం పారిశుధ్యం. అలాగే రాస్తే ఆడిట్‌లో ఎవరూ వేలెత్తి చూపరు, ఏ గ్రాంటు వచ్చినా ఇదే పద్ధతి. మూడో తీగ, టైమర్లకు సాధారణ నిధులు. మీ పంచాయతీ కరెంటు బకాయి పెద్దదైతే యూనిట్లు తగ్గినా చేతిలో డబ్బు కనపడదు, సర్పంచ్ గారికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఏం మిగిలింది అని మిమ్మల్నే అడుగుతారు.

ఇక వాళ్లు మానేస్తే ఎవరు చూస్తారన్నది. మానేస్తారండి. డిగ్రీ అయిపోయిన కుర్రాడు హైదరాబాద్ వెళ్తాడు, మాస్టారికి మోకాళ్లు నొప్పెడతాయి. ఊళ్లో ఉండేది పంపు ఆపరేటరు, లైట్ల మనిషి, మీ తర్వాత వచ్చే కార్యదర్శి. అందుకని వాళ్లు ఉన్నన్నాళ్లలో ఒక్క అలవాటు పాతించండి: పంప్‌హౌస్‌లో ఒక రీడింగ్ పుస్తకం. రోజూ మోటారు వేసేముందు ఒక అంకె, ఆపాక ఒక అంకె, ఎన్ని ట్యాంకులు నిండాయో ఒక అంకె. నెలాఖరున మీరు చివరి పేజీ ఫోటో తీసుకుంటే చాలు. ట్యాంకుకు ఎనిమిది యూనిట్లు ఉన్నది పదికి పాకితే ఇంపెల్లర్ అరుగుతోందని అర్థం, అది కాలిపోయి వేసవిలో ఊరు గొడవ చెయ్యకముందే మీకు తెలుస్తుంది. పుస్తకాన్ని స్టార్టర్ పక్కన మేకు కొట్టి దారంతో వేలాడదీయండి. పెన్ను కూడా దారంతోనే కట్టండి, విడిగా పెడితే రెండో రోజుకి ఉండదు.